కాలువగట్టున సూర్యకుటుంబం

బడిలో నల్లబల్లమీద గ్రహాలను జానెడేసి ఎడంలో గీసి చూపినవాణ్ణి నేను. అది ఎంత పొరపాటో ఒక కాలువగట్టున నడిచినప్పుడు తెలిసివచ్చింది.

ఇంగ్లండులో బ్రిడ్జ్‌వాటర్, టాంటన్ పట్టణాలను కలిపే ఆ కాలువ 1827లో మొదలైంది. మన గోదావరి కాలువలపై మనుషులు తాళ్ళు భుజాన వేసుకుని పడవలు లాగేవారు. అక్కడ ఆ పని గుర్రాలది. గట్టుమీది బాట వాటి కోసమే. 1842లో రైలు టాంటన్ చేరింది. 1866లో రైలు కంపెనీయే కాలువను కొన్నది. 1907 నాటికి సరుకు పడవలు ఆగిపోయాయి.

1994లో కాలువను పునరుద్ధరించారు. 1997లో పిప్ యంగ్‌మన్ రూపకల్పనతో ఆ గట్టున సూర్యకుటుంబం వెలసింది. యాభైమూడు కోట్ల వంతున కుదించిన కొలత అది. మాన్సెల్ లాకు వద్ద రెండున్నర మీటర్ల సూర్యుడు. అటూ ఇటూ రెండు వైపులా గ్రహాలు. 282 మీటర్ల దూరాన ఉసిరికాయంత భూమి. పదకొండు కిలోమీటర్ల అవతల మిరియపుగింజంత ప్లూటో.

ఈ లెక్కన వెలుగు సెకనుకు 57 సెంటీమీటర్లే సాగుతుంది. అంటే నా ముసలి నడక సైతం దానిని మించినదే! అయినా సూర్యుని దగ్గర బయలుదేరి ప్లూటోను చేరేసరికి మూడు గంటలు దాటింది. సైకిళ్ళవారు నన్ను దాటిపోతూనే ఉన్నారు.

2006లో ప్లూటోను గ్రహాల వరుసనుండి తొలగించారు. నేను నేర్పిన తొమ్మిది ఎనిమిదయ్యాయి. హోదా పోయినా ప్లూటో దూరం తగ్గలేదు. గుర్రాలు పోయినా బాట చెడలేదు. ఆ దూరాన్ని పిల్లలకు నల్లబల్లమీద కాక, ఏ కాలువగట్టునో నడిపించి చెప్పవలసింది.