మసకబారిన హెడ్‌లైట్లు: ఇంట్లో ఉన్న వస్తువులతో ఎంతవరకు బాగుచేసుకోవచ్చు?

మన్నాఏఖేళ్ళి మీదుగా రాత్రిపూట బండి నడిపేవారికి 65వ నంబరు జాతీయ రహదారి గురించి కొత్తగా చెప్పాల్సిన పని లేదు. ఒకవైపు జహీరాబాద్, హైదరాబాద్. మరోవైపు హుమ్నాబాద్, షోలాపూర్. చెరకు కోతల కాలం వస్తే వెనుక లైట్లు లేని ట్రాక్టర్ ట్రాలీలు, రోడ్డు దాటే బర్రెలు, అంచున ఆగిపోయిన లారీలు చీకట్లో దగ్గరికి వచ్చేదాకా కనపడవు. ఇలాంటి దారిలో కారు ముందు దీపాలు పసుపు పచ్చగా మారి, పాలు పూసినట్టు మసకబారి ఉంటే అది అందచందాల విషయం కాదు, ప్రాణాల విషయం.

మన వాళ్లలో పదేళ్లు నడిచిన సెకండ్ హ్యాండ్ కార్లు కొనేవారు ఎక్కువ. అద్దెకు కార్లు, క్రూజర్లు నడిపి బతికేవారూ ఉన్నారు. కొత్త హెడ్‌లైట్ల జత కొనాలంటే వేలల్లో ఖర్చు. అందుకే "టూత్‌పేస్టుతో రుద్దితే చాలు, కొత్తదానిలా అవుతుంది" అనే వీడియోలు ఫోన్లలో తిరుగుతుంటాయి. అందులో నిజం ఎంత, మిగతా సగం పని ఏమిటి అన్నది మేము ఇక్కడ వివరంగా చెబుతున్నాం.

మసక ఎందుకు వస్తుంది?

పాత అంబాసిడర్, ప్రీమియర్ పద్మినీ కార్లకు గాజు హెడ్‌లైట్లు ఉండేవి. గాజుకు రాయి తగిలితే పగులుతుంది కానీ, ఎండకు పసుపు రంగు రాదు. ఇప్పటి కార్లకు ఉన్నది పాలికార్బొనేట్ అనే ప్లాస్టిక్. దీన్ని 1953లో జర్మనీలోని బేయర్ కంపెనీలోనూ, అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్‌లోనూ విడివిడిగా కనిపెట్టారు. అమెరికాలో 1984 మోడల్ లింకన్ మార్క్ 7 కారుతో, ఐరోపాలో 1993 నాటి ఓపెల్ ఒమేగాతో ప్లాస్టిక్ హెడ్‌లైట్లు మొదలయ్యాయి. తేలిక, గట్టిదనం, ఏ ఆకారంలోకైనా మలచగలగడం దీని గుణాలు.

దీని బలహీనత ఎండ. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు పాలికార్బొనేట్ పైపొరను కొద్దికొద్దిగా విరగ్గొట్టి పసుపు పచ్చగా మారుస్తాయి. అందుకే కంపెనీలో తయారైనప్పుడే దానిమీద ఆ కిరణాలను అడ్డుకునే పలుచటి గట్టి పూత వేస్తారు. ఏళ్ల తరబడి ఎండ, ఎగిరొచ్చే ఇసుక, బీదర్ ఎర్రనేల దుమ్ము, పొడిగుడ్డతో గట్టిగా తుడవడం కలిసి ఆ పూతను అరగదీస్తాయి. పూత పోయిన చోట ప్లాస్టిక్ పాడవుతుంది. కారును రోజూ ఒకే దిక్కుకు నిలిపితే ఎండ తగిలే వైపు దీపం ముందుగా మసకబారడం చాలా ఇళ్ల ముందు చూడవచ్చు.

ఈ ఒక్క సంగతి గుర్తుంటే మిగతాదంతా సులభంగా అర్థమవుతుంది. మనం రుద్ది తీసేది పాడైన పొరను. రుద్దడంతో తిరిగి రానిది రక్షణ పూత.

వెలుతురు ఎంత తగ్గుతుంది?

అమెరికాలోని వాహనదారుల సంఘం ట్రిపుల్ ఏ 2018లో సుమారు 11 ఏళ్లు వాడిన కార్ల హెడ్‌లైట్లను పరీక్షించింది. డిమ్‌లో ఆ పాత దీపాల వెలుతురు కొత్తవాటిలో దాదాపు ఐదో వంతే ఉంది. పైపొర అరగదీసి బాగుచేశాక అది సుమారు 70 శాతానికి చేరింది. ఆ ఫలితం పూర్తి పద్ధతిలో చేసిన పనికి వచ్చింది, ఐదు నిమిషాల టూత్‌పేస్టు రుద్దుడుకు కాదు.

దీన్ని మన రోడ్డు లెక్కలోకి మార్చి చూద్దాం. దూరం రెండింతలైతే వెలుతురు నాలుగో వంతు అవుతుంది. ఆ లెక్కన కొత్త దీపంతో 100 మీటర్ల దూరంలో కనిపించే బర్రె, ఐదో వంతు వెలుతురు ఉన్న దీపంతో అంతే స్పష్టంగా కనిపించాలంటే 45 మీటర్ల దగ్గరికి రావాలి. 70 శాతం వెలుతురైతే 84 మీటర్ల దూరం నుంచే కనిపిస్తుంది.

గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు, డ్రైవర్ తేరుకుని బ్రేకు తొక్కి పూర్తిగా ఆగడానికి పొడి రోడ్డు మీద సుమారు 70 మీటర్లు కావాలి. 60 వేగంలో సుమారు 45 మీటర్లు. అంటే మసక దీపంతో 80లో పోయేవారికి బర్రె కనిపించిన తర్వాత ఆగే చోటు లేదు. బాగుచేసిన దీపంతో ఉంది. టైర్లు అరిగినా, రోడ్డు తడిగా ఉన్నా ఈ దూరాలు ఇంకా పెరుగుతాయి.

ముందు ఈ పరీక్ష చేయండి

దీపాన్ని సబ్బునీళ్లతో కడిగి, తడిగా ఉన్నప్పుడే చూడండి. నీళ్లు ఉన్నంతసేపు స్పష్టంగా కనిపించి, ఆరగానే మళ్లీ మసకబారితే లోపం పైపొరలోనే ఉంది. అలాంటిదాన్ని ఇంట్లో బాగుచేసుకోవచ్చు. తడిపినా మసక అలాగే ఉంటే అది లోపలి వైపు ఉంది, లేదా ప్లాస్టిక్ లోతుల్లో సన్నని పగుళ్లు వచ్చాయి. లోపల నీటి చుక్కలు కనిపిస్తే సీలు పోయినట్టు. వీటికి పైన ఎంత రుద్దినా ప్రయోజనం లేదు.

మసక తక్కువగా ఉంటే: టూత్‌పేస్టు

టూత్‌పేస్టులో పళ్లను తోమడానికి సిలికా, సుద్ద వంటి మెత్తటి పొడులు ఉంటాయి. అవే ప్లాస్టిక్ పైపొరనూ సన్నగా అరగదీస్తాయి. జెల్ కాకుండా మామూలు తెల్ల పేస్టు తీసుకోండి.

దీపాన్ని బాగా కడగండి. ఒక్క ఇసుక రేణువు మిగిలినా గీతలు పడతాయి. చుట్టూ కారు రంగు మీద మాస్కింగ్ టేపు అంటించండి. తడిపిన మెత్తటి నూలు గుడ్డ మీద పేస్టు వేసి, చిన్న చిన్న సున్నాలు చుడుతున్నట్టు ఐదారు నిమిషాలు రుద్దండి. పేస్టు ఆరిపోతుంటే కొద్దిగా నీళ్లు చల్లండి. కడిగి, ఆరాక చూడండి. అవసరమైతే రెండు మూడు సార్లు చేయండి. మసక కొత్తగా మొదలైన దీపానికి ఇది పనిచేస్తుంది. ముదిరి పసుపెక్కిన దానికి సరిపోదు.

తినే సోడా, వెనిగర్ కలిపి రుద్దమని కొందరు చెబుతారు. రెండూ కలిస్తే నురగ బాగా వస్తుంది కానీ, ఆ నురగలో ఒకదాని గుణాన్ని ఇంకొకటి చంపేస్తుంది. మసకను తీసేది సోడా పొడి గరుకుదనమే. అందుకు సోడాను నీళ్లతో ముద్దగా చేసుకున్నా చాలు. నిమ్మరసం మురికిని వదిలిస్తుంది, పాడైన ప్లాస్టిక్‌ను బాగుచేయదు.

మసక ముదిరితే: వాటర్ పేపర్

దుకాణంలో కన్నడలో అడిగినా, ఉర్దూలో అడిగినా, తెలుగులో అడిగినా దీని పేరు వాటర్ పేపరే. పెయింటు దుకాణాల్లో, బండి సామాన్ల షాపుల్లో దొరుకుతుంది. నంబరు పెరిగేకొద్దీ కాగితం మెత్తన. 1000, 1500, 2000, 3000 నంబర్లు తీసుకోండి. రెండు దీపాలకు కలిపి గంట, గంటన్నర పని. ఉదయం నీడలో పెట్టుకోండి.

కాగితాన్ని పది నిమిషాలు నీళ్లలో నానబెట్టండి. 1000 నంబరుతో అడ్డంగా ఒకే దిశలో రుద్దండి. దీపం మీద నీళ్లు పడుతూనే ఉండాలి. మొదట పసుపు రంగు నీళ్లు కారతాయి. ఆ పసుపు పూర్తిగా పోయి, దీపం అంతటా ఒకే రకం తెల్లటి మసక వచ్చేదాకా ఆపవద్దు. తర్వాత 1500తో నిలువుగా, 2000తో మళ్లీ అడ్డంగా, 3000తో నిలువుగా రుద్దండి. దిశ మార్చడం వల్ల ముందటి కాగితం గీతలు పోయాయో లేదో తెలిసిపోతుంది.

మధ్యలో దీపం మునుపటికంటే ఎక్కువ తెల్లబడి కనిపిస్తుంది. కంగారు పడవద్దు. చివర్లో రబ్బింగ్ కంపౌండ్‌తో, అది లేకపోతే టూత్‌పేస్టుతో పాలిష్ చేస్తే స్పష్టత వస్తుంది.

మిగతా సగం పని: రక్షణ పూత

వీడియోలు ఇక్కడికే ఆగిపోతాయి. అసలు సమస్య ఇక్కడే మొదలవుతుంది. మసకతో పాటు మిగిలి ఉన్న కాస్త పాత పూతనూ మనమే అరగదీశాం. ఇప్పుడు ప్లాస్టిక్ ఎండకు పూర్తిగా బయటపడి ఉంది. ఇలాగే వదిలేస్తే మన ఎండాకాలానికి కొద్ది నెలల్లోనే మళ్లీ పసుపెక్కుతుంది.

చవకైన మార్గం కారు వ్యాక్స్. పాలిష్ చేసిన వెంటనే పలుచగా రాసి, మెత్తటి గుడ్డతో తుడవండి. ఇది ఎక్కువ రోజులు నిలవదు కాబట్టి నెలకోసారి మళ్లీ రాయాలి.

నిలిచే మార్గం, అతినీలలోహిత కిరణాలను తట్టుకునే క్లియర్ కోట్ స్ప్రే. డబ్బా మీద ఆ మాట రాసి ఉందో లేదో, అది హెడ్‌లైట్లకు పనికొస్తుందో లేదో చూసి కొనండి. బల్లలకు, తలుపులకు వేసే వార్నిష్ ఇందుకు పనికిరాదు. దీపాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, వేలు తగలకుండా ఆరనిచ్చి, గాలి దుమ్ము లేని చోట రెండు మూడు పలుచటి పూతలు వేయండి. ఒకేసారి మందంగా కొడితే కారిపోతుంది. ముక్కుకు మాస్కు తప్పనిసరి. మీ చేత కాదనుకుంటే రుద్దే పని మీరు చేసుకుని, ఈ ఒక్క పూత డెంటింగ్ పెయింటింగ్ షాపులో వేయించుకోండి.

సెకండ్ హ్యాండ్ కారు కొనేవారికి ఒక మాట. పాత బండికి దీపాలు మాత్రం తళతళలాడుతుంటే, వాటిని మార్చారా, రుద్దారా అని అడగండి. రుద్దారంటే పైన ఏ పూత వేశారో అడగండి. ఏదీ వేయకపోతే కొన్నాళ్లకు ఈ పని మీ మీద పడుతుందని లెక్కలో వేసుకోండి.

ఇవి మాత్రం చేయవద్దు

దోమల మందు క్రీములు, స్ప్రేలు రాయవద్దు. వీటిలో కొన్ని రసాయనాలు ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తాయి. పైపొర కరిగి మెరిసినట్టు కనిపిస్తుంది, తర్వాత జిగురుపట్టి మరింత పాడవుతుంది.

పెట్రోలు, థిన్నర్, గోళ్ల రంగు తీసే ద్రవం వాడితే పాలికార్బొనేట్‌లో సాలెగూడు లాంటి పగుళ్లు వస్తాయి. వాటికి మందు లేదు.

స్టీలు పీచు, బూడిద, ఇసుకతో తోమవద్దు. నూనె రాస్తే కాసేపు మెరుస్తుంది కానీ దుమ్ము పట్టి ఇంకా మసకబారుతుంది.

వెలుతురు చాలడం లేదని పెద్ద వాట్ల బల్బు వేయవద్దు. చాలా కార్లలో ఉండే హెచ్4 బల్బు 60, 55 వాట్లది. 100 వాట్ల బల్బు వేడికి హోల్డరు, వైర్లు, లోపలి వెండిపూత దెబ్బతింటాయి. పైగా మసక దీపం ఆ వెలుతురును రోడ్డు మీదికి కాక నలువైపులా చెదరగొడుతుంది. ఎదురుగా వచ్చే బైకు నడిపేవారి కళ్లు మూసుకుపోతాయి.

బాగుచేశాక

బండిని సమతలంగా ఉన్న చోట, గోడకు ఏడెనిమిది మీటర్ల దూరంలో నిలిపి డిమ్ లైటు వేయండి. వెలుగు పై అంచు దీపం మధ్యభాగం ఎత్తుకంటే కొంచెం కింద పడాలి. పైకి పడుతుంటే మెకానిక్‌తో సరిచేయించండి. స్పష్టమైన దీపం తప్పు దిశలో వెలిగితే ఎదుటివారికి మునుపటికంటే ఎక్కువ ఇబ్బంది.

కారును ఎండకు దీపాలు తగలని దిక్కుకు నిలపండి. కప్పి ఉంచడానికి పాత దుప్పటి వేసినా మేలే, కానీ దుమ్ము దులిపి వేయండి. దీపాలను ఎప్పుడూ నీళ్లు పోసి తుడవండి, పొడిగుడ్డతో వద్దు.

లోపల నీళ్లు చేరినా, గాజు చిట్లినట్టు లోతైన పగుళ్లు ఉన్నా, లోపలి వెండిపూత నల్లబడినా హెడ్‌లైటు మార్చడం తప్ప దారి లేదు. మార్చేదాకా రాత్రి ప్రయాణాలు తగ్గించుకోండి. తప్పనిసరిగా వెళ్లాల్సి వస్తే వేగం 40 దాటనివ్వకండి.