విప్పిన షెడ్డు, నంబరు వేసిన ముక్క

పోయిన ఆదివారం మన సంఘం మీటింగులో ఒక తమ్ముడు అడిగినాడు: "అన్నా, మూతపడిన ఫ్యాక్టరీ షెడ్డు ఒకటి చౌకగా వస్తోంది. విప్పి తెచ్చి మా తోటలో కట్టుకోవచ్చునా?" కట్టుకోవచ్చు. అయితే ముందు ఒక నోటుబుక్కు, ఒక పెయింటు డబ్బా కొనమన్నాను. అందరూ నవ్వినారు. ఎందుకు చెప్పినానో ఇక్కడ రాస్తున్నాను.

విప్పి కట్టే ఇనుప కొట్టానికి పెద్ద చరిత్రే ఉంది. 1829లో లండన్‌లో హెన్రీ పామర్ అనే ఇంజనీరు అలల రేకుకు పేటెంటు పొందినాడు. పలుచటి రేకైనా అలలుగా వంచితే గట్టిపడుతుంది. బరువు తక్కువ, కాబట్టి ఎంత దూరమైనా మోసుకుపోవచ్చు.

మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916లో, బ్రిటిష్ సైన్యపు ఇంజనీరు పీటర్ నిస్సెన్ ఈ రేకులతోనే అరవృత్తం ఆకారంలో సిపాయిలకు గుడిసె తయారు చేసినాడు. పొడవు 27 అడుగులు, వెడల్పు 16 అడుగులు. సామానంతా ఒక సైనిక బండిలో పట్టేది. ఆరుగురు మనుషులు నాలుగు గంటల్లో నిలబెట్టేవారు. ఒకసారి 1 గంట 27 నిమిషాల్లోనే నిలబెట్టినారట! యుద్ధంలో వాడిన గుడిసెలకు ఆయనకు రాయల్టీ రాలేదు. యుద్ధం ముగిసినాక అమ్మిన వాటికే వచ్చింది. అంటే ఆ గుడిసె రెండో బతుకే ఆయనకు డబ్బు తెచ్చింది.

1941లో అమెరికా నౌకాదళం అదే దారిలో క్వాన్సెట్ గుడిసెలు చేసింది. రెండో యుద్ధంలో లక్షన్నర దాకా తయారైనాయి. యుద్ధం అయిపోగానే మిగిలినవాటిని జనానికి అమ్మినారు. నిన్న సిపాయి పడుకున్న చోట రైతు ట్రాక్టరు నిలిపినాడు, గడ్డి దాచినాడు. ఒకే కొలతకు చేసిన ముక్కలు కాబట్టి ఏది ఎక్కడైనా సరిపోయేది.

మన ఊరి పాత షెడ్లు అట్లా కాదు. 1984లో మా చిన్నాయన, మూతపడిన ఒక పత్తి జిన్నింగు మిల్లు షెడ్డు కొన్నారు. ఐప్పసి వానకు ముందే ఎద్దులకు, చొప్పకు నీడ కావాలని ఆయన తొందర. మొదటి లారీ సామాను గుర్తు లేకుండానే విప్పి కళ్ళంలో కుప్ప పోసినారు. పాత షెడ్డులో ప్రతి రంధ్రమూ అక్కడికక్కడే వేసింది. ఒక ట్రస్సు రంధ్రం ఇంకో స్తంభానికి కుదరదు. నాలుగు రోజులు తిప్పి తిప్పి పెట్టినా కలవలేదు. ఇంతలో వాన దిగింది. చొప్ప వాము సగం కుళ్ళిపోయింది. చిన్నాయన ఆ రాత్రి అన్నం తినలేదు.

రెండో సగానికి నేను సెలవు పెట్టి పోయినాను. విప్పకముందే ప్రతి స్తంభానికి, ట్రస్సుకు, పర్లిన్‌కు నంబరు రాసి, నోటుబుక్కులో బొమ్మ గీసినాను. "ఏమిరా, పార్సిల్ ఆఫీసును ఇక్కడికీ తెచ్చినావా?" అన్నారు చిన్నాయన. ఆ సగం రెండు రోజుల్లో నిలబడింది. మొదటి సగానికి మాత్రం వెల్డరును పిలిచి మళ్ళీ రంధ్రాలు వేయించాల్సి వచ్చింది. మిగులుతుందనుకున్న డబ్బు అక్కడే పోయింది.

తమ్ముడికి ఇంకో రెండు మాటలు. రేకుకు బోల్టు అల మిట్ట మీద వేయాలి, పల్లంలో వేస్తే వాన నీళ్ళు లోపలికే. పాత రంధ్రాలను తారు వాషరుతో మూయాలి. ఆడి గాలికి సన్నెకల్లు కూడా ఎగురుతుందని తమిళంలో సామెత. రేకుల షెడ్డుకు బరువు కంటే గాలే శత్రువు. అది కింద నుంచి పైకి లేపుతుంది. కాబట్టి స్తంభం కాలిని కాంక్రీటులో గట్టిగా బిగించాలి.

నిస్సెన్ కొలతతో చేసిన పనిని మనలాంటివాళ్ళం నంబరుతో చేసుకోవాలి. చిన్నాయన లేరు, కొట్టం ఉంది. నేను రాసిన తెల్ల అంకెలు ఒకటి రెండు స్తంభాల మీద ఇంకా కనిపిస్తాయి.

మీ ఇళ్ళలోనూ ఇట్లా ఎక్కడినుంచో వచ్చిన కొట్టాలు ఉంటే, పెద్దవాళ్ళను అడిగి కింద రాయండి. నేను చదివింది తమిళ మీడియం, తెలుగులో తప్పులుంటే మన్నించండి.