విశాఖ తీరపు బౌద్ధారామాలు, శాసనాలు: పరిరక్షణ చరిత్ర

విశాఖపట్నం జాలరిపేట నుంచి భీమిలి దారి పడితే మంగమారిపేట దగ్గర తొట్లకొండ, ఆ చేరువలోనే బావికొండ వస్తాయి. నగరానికి అవతలి వైపు, అనకాపల్లి పక్కన శంకరం గ్రామంలో బొజ్జన్నకొండ ఉంది. రెండువేల ఏళ్ల నాటి ఈ బౌద్ధారామాలు ఒకవైపు, సింహాచలం శాసనాలు, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు గ్రంథాలయంలోని తాళపత్రాలు మరోవైపు ఈ ప్రాంతపు ప్రాచీన సంపద. దాన్ని వెలికితీసే పని మొదలై నూరేళ్లు దాటింది. తవ్వకాల్లో ఉన్న చురుకు, తవ్వినదాన్ని నిలబెట్టడంలో కనిపించదు.

తొలి తవ్వకాలు బొజ్జన్నకొండవి. 1907 ప్రాంతంలో పురావస్తు అధికారి అలెగ్జాండర్ రీ ఇక్కడ గుహలను, రాతిలో మలిచిన స్తూపాలను వెలుగులోకి తెచ్చాడు. సముద్రగుప్తుడి బంగారు నాణెం ఒకటి దొరికింది. కొండ పురావస్తు శాఖ రక్షణలోకి వచ్చినా చుట్టుపక్కల జనానికి అది వేరే కథ. కనుమ నాడు ఊళ్లవాళ్లు కొండెక్కి, అక్కడి ఓ రాతిని రాక్షసుడి బొజ్జగా తలచి రాళ్లు రువ్వేవారు. బోర్డులు పెట్టినంత మాత్రాన పండగ ఆనవాయితీ ఆగుతుందా? వారసత్వ పరిరక్షణ సంస్థ ఇన్‌టాక్ సభ్యులు, పురావస్తు అధికారులు ఏళ్ల తరబడి నచ్చజెప్పగా ఇటీవలే అది సద్దుమణిగింది.

ఆఫ్రికాలో సహారా అంచున ఉన్న టింబక్టులో జనం చేసేది ఇందుకు పూర్తిగా భిన్నం. అక్కడి జింగరేబెర్ మసీదు గోడలకు ఊరంతా కలిసి మట్టి మెత్తుతారు. 2012లో సాయుధ ముఠాలు కూల్చిన సమాధి మందిరాలను తిరిగి కట్టింది కూడా స్థానిక మేస్త్రీలే. ఆ ఊరి పాత రాతప్రతులను మాత్రం ముఠాల చేతికి చిక్కకుండా రేకు పెట్టెల్లో పెట్టి, రహస్యంగా బమాకో నగరానికి చేరవేశారు. ఎడారి పొడి గాలికి అలవాటుపడ్డ ఆ కాగితాలకు బమాకోలోని తేమే కొత్త శత్రువైంది.

విశాఖలో ఆ శత్రువు పాత కాపు. ఉప్పుగాలి, ఉక్క, పురుగు కలిసి తాటాకును తినేస్తాయి. అందుకే తాళపత్రాల దుమ్ము దులిపి, నిమ్మగడ్డి నూనె పట్టించి, వెలిసిన అక్షరాలకు దీపపు మసి అద్దడం మన దేశంలో పాత పద్ధతి.

రాతి రాతలది కొంత మెరుగైన కథ. సింహాచలం గోడలు, స్తంభాల మీద 11వ శతాబ్దం చివర కులోత్తుంగ చోళుడి కాలం నుంచి వందలాది శాసనాలున్నాయి. నకలు తీసేవారు ముందు రాతిని కడుగుతారు. తడి కాగితాన్ని అక్షరాల మీద పరిచి, గుంటల్లోకి దిగేదాకా బ్రష్షుతో కొడతారు. కాస్త ఆరాక సిరా ముంచిన గుడ్డ మూటతో పైపైన అద్దుతారు. గుంటలకు సిరా అంటదు కాబట్టి నల్లటి నేల మీద తెల్లటి అక్షరాలు తేలతాయి. 1928లో అచ్చయిన ‘దక్షిణ భారత శాసనాలు’ ఆరో సంపుటంలో సింహాచలం శాసనాల పాఠాలు చేరాయి. రాయి అరిగిపోయినా పాఠం ఉంటుంది. ఈ తీరంలో అన్నిటికన్నా గట్టిగా జరిగిన పరిరక్షణ ఇదేననాలి.

స్తూపాలకు అలాంటి నకలు లేదు. బావికొండను 1980లలో తవ్వారు. 1976లో నౌకాదళం చేయించిన వైమానిక సర్వేలో కంటబడ్డ తొట్లకొండను రాష్ట్ర పురావస్తు శాఖ 1988 నుంచి 1993 దాకా తవ్వింది. మహాస్తూపం, విహారాలు, వాననీటి కోసం తొలిచిన రాతి తొట్లు, శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి. మట్టి కింద భద్రంగా ఉన్న ఇటుకలు ఒక్కసారిగా ఎండకూ వానకూ వచ్చాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను ఈ తీరాన్నే తాకింది. తర్వాత పునరుద్ధరించిన మహాస్తూపంలో కొంత భాగం 2019 అక్టోబరు భారీ వర్షాలకు కూలిపోయింది. కొత్త ఇటుకతో పాతదాన్ని ఎంతవరకు పూరించాలన్న ప్రశ్న అప్పుడు మళ్లీ లేచింది. ఈలోగా కొండ మీది స్థలాన్ని ఓ క్లబ్బుకు కేటాయించడంపై వ్యాజ్యం హైకోర్టు దాకా వెళ్లింది.