రచ్చబండ, రాజ్ రెడ్డి, మిలటరీ మ్యాపు

మొన్న దొంతన్‌పల్లి ఇక్ఫాయ్ కాంపస్‌లో ఓ కుర్రాడు అడిగాడు: "మ్యాప్ మీద చెయ్యి చూపించి 'అది అక్కడ పెట్టు' అంటే కంప్యూటర్‌కి అర్థమవడం, ఇదంతా ఈమధ్యదే కదా సార్?"

కాదు బాబూ! 1980లోనే ఎంఐటీలో రిచర్డ్ బోల్ట్ గోడంత తెర ముందు చేసి చూపించాడు. డబ్బులు అమెరికా రక్షణ శాఖ వాళ్ళ డార్పావి.

అంతకన్నా ముందుంది మనాయన కథ. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి. 1971లో డార్పా మొదలెట్టిన మాట గుర్తింపు పథకం కింద ఆయన కార్నెగీ మెలన్ బృందం హియర్‌సే-2 కట్టింది. ధ్వని తెలిసిన ప్రోగ్రామొకటి, పదాలు తెలిసిందొకటి, వ్యాకరణం తెలిసిందొకటి. ఎవరి ఊహ వాళ్ళు ఉమ్మడి నల్లబల్ల మీద రాస్తారు, మిగతావాళ్ళు దిద్దుతారు. అరుపుల్లేని రచ్చబండ అనుకోండి. సముద్రంలో శత్రు జలాంతర్గాముల్ని పసిగట్టే హాస్ప్ కూడా ఈ బల్లనే వాడుకుంది.

తమాషా ఏంటంటే, 1976 పరీక్షలో నెగ్గింది హియర్‌సే కాదు, అదే ల్యాబులోని హార్పీ, 1,011 పదాలతో. అయినా డార్పా పథకాన్ని ఆపేసింది.

నాకైతే బోల్ట్ తెర కన్నా ఈ బల్లే గొప్ప. మాట సగం చెప్తుంది, వేలు సగం చెప్తుంది, రెంటినీ ఎక్కడో ఒకచోట కలపాలిగా? 1990ల్లో ఫిల్ కోహెన్ బృందం మెరైన్ల యుద్ధాభ్యాసాల కోసం క్విక్‌సెట్ చేసింది. పెన్నుతో గీస్తూ, నోటితో చెప్తూ మ్యాప్ మీద దళాల్ని పెట్టడమే దాని పని. లోపల చూస్తే మళ్ళీ అదే, ఏజెంట్ల మధ్య ఓ నల్లబల్ల.