బొగ్గుట్టకు చేరిన నవ్వు

కార్మికుల కార్యక్రమం రేడియోలో వచ్చే వేళకు అసలు కార్మికుల్లో వినేవాళ్లు తక్కువే. పొద్దుటి షిఫ్టు వాళ్లు బొగ్గు బాయి దిగి అప్పటికే చాలాసేపయ్యేది. రాత్రి షిఫ్టు చేసొచ్చినవాళ్లు గాఢనిద్రలో ఉండేవాళ్లు. రెండో షిఫ్టుకు మస్టరు పడాల్సినవాళ్లు మాత్రం కంచం ముందు కూర్చుని వినేవాళ్లు. మిగిలిన శ్రోతలంతా ఆడవాళ్లే. హైదరాబాదు కేంద్రం నుంచి చిన్నక్క గొంతు వినపడితే కొత్తగూడెం, ఇల్లందు (ఒకప్పటి బొగ్గుట్ట) క్వార్టర్లలో పొయ్యి మీది కూర అడుగంటినా పట్టేది కాదు.

చిన్నక్క, ఏకాంబరం, రాంబాబు. ముగ్గురూ ఇరుగుపొరుగులా మాట్లాడుకునేవాళ్లు, ఎత్తిపొడుచుకునేవాళ్లు. ఆ సందులోనే పొదుపు, ఆరోగ్యం, కార్మికుడి హక్కు లాంటివి చెవిన వేసేవాళ్లు. చిన్నక్క అంటే రతన్‌ప్రసాద్. రాంబాబు అంటే డి. వెంకట్రామయ్య. ఈయన కథకుడు, వార్తలు కూడా చదివినవాడు. ఒకే గొంతు కాసేపు ప్రధానమంత్రి మాటలు గంభీరంగా చెప్పి, ఇంకాసేపటికి చిన్నక్క చేత చీవాట్లు తినేదన్నమాట.

ఈ నవ్వు బొగ్గు నేలకు రావడానికి దారి ఏర్పడిన కథ కొంచెం వంకర. భద్రాచలం దగ్గర ఒకప్పుడు గోదావరే సరిహద్దు. ఇవతలి ఒడ్డు నిజాం రాజ్యం, అవతలి ఒడ్డు మద్రాసు రాష్ట్రం. హైదరాబాదులో నిజాం ప్రభుత్వం చేతికి 1935లో వచ్చిన దక్కన్ రేడియో ఉర్దూతోపాటు తెలుగూ వినిపించేది. మద్రాసులో ఆలిండియా రేడియో 1938లో మొదలైంది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న పలికింది, అంటే నిజాం రాజ్యం మీద పోలీసు చర్య జరిగిన మూడు నెలలలోపే. దక్కన్ రేడియో 1950లో ఆలిండియా రేడియోలో కలిసింది. భద్రాచలం 1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది. నది మీద వంతెన 1965లో గానీ రాలేదు. గొంతులు మాత్రం అంతకు ఎంతో ముందే నది దాటేశాయి.

మన దగ్గర కేంద్రాలు ఇలా పుడుతున్న రెండో ప్రపంచ యుద్ధానంతర సంవత్సరాల్లోనే బ్రిటన్‌లో రేడియో హాస్యం ఓ వెలుగు వెలిగింది. బీబీసీలో 1951 మేలో మొదలై 1960 జనవరి దాకా నడిచిన ‘గూన్ షో’కి ఎక్కువ భాగం రాసిన స్పైక్ మిల్లిగన్ పుట్టింది మన అహ్మద్‌నగర్‌లో, తండ్రి బ్రిటిష్ సైన్యంలో ఉండగా. పీటర్ సెల్లర్స్, హ్యారీ సీకూంబ్‌లతో కలిసి ఆయన కట్టిన ఆ లోకంలో మేజర్లు పిరికిపందలు, పెద్దమనుషులు పక్కా మోసగాళ్లు. యుద్ధంలో అధికారుల కేకలు పడ్డ సిపాయిలు తిరిగొచ్చి, మైకు ముందు ఆ బాకీ తీర్చుకున్నారు. అందులోని ఓ మేజరు కడుపులో గడబిడ వినిపించడానికి బీబీసీ ప్రత్యేక శబ్దాల విభాగం ఒక చప్పుడే తయారుచేసి పెట్టింది!

మన రేడియోకి అలా బాకీ తీర్చుకునే సౌకర్యం లేదు. సర్కారీ సొమ్ముతో నడిచే కేంద్రంలో కలెక్టరును వెక్కిరించే ధైర్యం ఎవరికుంటుంది? అందుకని నవ్వు దొడ్డిదారిన వచ్చింది. గ్రామస్థుల కార్యక్రమం, కార్మికుల కార్యక్రమం అని పైకి పేరు, లోపల మాత్రం రచ్చబండ ముచ్చట. ఎరువుల కబురు, టీకాల కబురు చెప్పే నెపం మీద బావా మరుదుల సరసం, అక్కా తమ్ముళ్ల కీచులాట నడిచేవి. ఇది లోటని కొందరంటారు, నేననను. అధికారిని వెక్కిరించే హాస్యం ఆ అధికారి దిగిపోతే పాతబడుతుంది. చిన్నక్క చీవాట్లు అలా పాతబడవు.

విజయవాడ దారి వేరు. అక్కడ నాటకం పెద్ద పీట వేసుకు కూర్చుంది. చిలకమర్తి ‘గణపతి’, కాళ్లకూరి కట్నాల మీద రాసిన ‘వరవిక్రయం’ రేడియోకెక్కాయి. నండూరి సుబ్బారావు గొంతులోని లోభం విని పెళ్లిచూపులకు వెళ్లేవాళ్లు ఒకసారి తడుముకుని ఉంటారు. అదే కేంద్రం శ్రీరామనవమి నాడు ఉషశ్రీ వ్యాఖ్యానంతో భద్రాచల కల్యాణాన్ని ఊరూరికీ చేర్చింది. ఈ అడవి అంచు నుంచి రేడియోకి ఎక్కిన అతి పెద్ద గొంతు ఆ కల్యాణానిదే.

వినడం అంత సులువేం కాదు. మీడియం వేవ్ మీద హైదరాబాదు 738, విజయవాడ 837 కిలోహెర్ట్జ్. పగలు ఆ తరంగాలు నేలను పట్టుకుని నడుస్తాయి, దూరం పెరిగేకొద్దీ నీరసిస్తాయి. రాత్రయితే పైనున్న వాయుమండలపు పొరకు తగిలి తిరిగొస్తాయి. అప్పుడు ఎక్కడెక్కడివో గొంతులు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. అప్పట్లో పోస్టాఫీసులో లైసెన్సు కట్టి సెట్టు పెట్టుకోగలిగినవాళ్లు కొద్దిమంది. ఊళ్లలో చాలామందికి పంచాయతీ రేడియోనే దిక్కు. కోయగూడేలకు ఈ నవ్వు అంతగా చేరలేదనే అనుకుంటాను, హాస్యం ముందు భాష అడుగుతుంది గనుక.

ఈ బొగ్గు నేలకు సొంత గొంతు రావడానికి చాలా ఏళ్లు గడవాల్సి వచ్చింది. ఆకాశవాణి కొత్తగూడెంలో ఎఫ్.ఎం. కేంద్రం పెట్టింది. అప్పటికి ఇళ్లలోకి టీవీ రావడం, చిన్నక్క జ్ఞాపకంగా మారడం మొదలయ్యాయి.

ఇప్పుడు వినాలంటే చిక్కొకటుంది. టేపు ఖరీదైన రోజుల్లో రోజువారీ కార్యక్రమాలను చెరిపి, దాని మీదే కొత్తవి రికార్డు చేసేవాళ్లు. ‘గూన్ షో’ తొలి ఏళ్ల భాగాలు బీబీసీ దగ్గరే చాలావరకు మిగల్లేదు, ఇక మన సంగతి చెప్పాలా? ఇల్లందులోనో, మణుగూరులోనో మీ ఇంట్లో అటక మీద రేడియో నుంచి పట్టిన పాత క్యాసెట్టు ఏదైనా ఉంటే పారేయకండి. ముందు ఒకసారి పెట్టి వినండి.