గూడెం దాకా రాని మందు

మందు చాలనప్పుడు ముందు ఎవరికివ్వాలని అడిగితే జనం తడుముకోరు: వైద్యం చేసేవాళ్లకు, ముసలివాళ్లకు, ప్రాణం మీదికొచ్చినవాళ్లకు అంటారు. 2021లో కోవిడ్ టీకాలూ దాదాపు అలాగే నడిచాయి. జనవరి 16న వైద్య సిబ్బందికి, మార్చి 1న 60 ఏళ్లు దాటినవాళ్లకు, ఏప్రిల్ 1న 45 దాటినవాళ్లందరికీ మొదలుపెట్టారు. ఈ వరసలో న్యాయం ఉంది. అయితే భద్రాచలం మన్యంలో ఆ వరస కంటే ముందే, మందు ఎక్కడ ఇస్తున్నారన్నది సగం తీర్పు చెప్పేస్తుంది. వయసును, జబ్బును లెక్కేసినట్టే దూరాన్నీ లెక్కవేయాలంటాను.

చలిజ్వరానికి (మలేరియాకు) వాడే క్వినైన్ సంగతే చూడండి. గోదావరికి ఇటు ఖమ్మం నిజాం రాజ్యంలో, అటు భద్రాచలం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలంలో రెండు ఒడ్డులనూ చలిజ్వరమే పీడించింది. నీలగిరుల్లో 1860ల నుంచే సింకోనా తోటలున్నా మన దేశానికి చాలినంత మందు రాలేదు. పోస్టాఫీసుల్లో పైసాకో క్వినైన్ పొట్లం అమ్మే పద్ధతి 1892లో బెంగాల్లో మొదలై మిగతా రాష్ట్రాలకూ పాకింది. ధర చవకే. కానీ పోస్టాఫీసు ఉండేది బాట పక్కన, జ్వరం ఉండేది వాగుల అవతల, కోయగూడేల్లో, కొండరెడ్ల ఊళ్లలో. దుప్పటి కింద వణుకుతున్న మనిషి చేతిలో పైసా ఉన్నా అంత దూరం నడవలేడు. 1942 మార్చిలో జావా జపాన్ వశమవడంతో, ప్రపంచపు క్వినైన్‌లో సుమారు 90 శాతం ఇచ్చే చోటు తెగిపోయింది. మిగిలిన దానిలో సైన్యానిదే పెద్ద పీట. యుద్ధంలో అది తప్పదన్న వాదనను తోసిపుచ్చలేం. అయినా ఆ కొరత భారం ఎక్కువగా పడేది అంతకుముందూ మందు సరిగా అందని ఊళ్ల మీదే.

కోవిడ్ టీకాల్లోనూ దూరం ఇలాగే అడ్డుపడింది. 2021 మే 1న 18 ఏళ్లు దాటినవాళ్లకు తలుపు తెరిచినప్పుడు టీకాల ఆన్‌లైన్ వేదిక కోవిన్‌లో పేరు నమోదు తప్పనిసరి అన్నారు. సిగ్నల్ అందని గూడేనికి అది మూసిన తలుపే. ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చిన గొత్తికోయల్లో చాలామందికి చూపించడానికి గుర్తింపు కార్డే లేదు. మే 24న సర్కారు కేంద్రాల్లో నేరుగా నమోదుకు వీలిచ్చారు. మే 31న సుప్రీంకోర్టు కూడా ఈ డిజిటల్ అంతరాన్ని ఎత్తిచూపింది.

పది డోసుల టీకా సీసా తెరిస్తే నాలుగు గంటల్లో వాడాలి, లోపలికి తీసుకెళ్తే వృథా అవుతుందంటారు. నిజమే, ముందస్తు మాట లేకుండా వెళితే అవుతుంది. ఆశా కార్యకర్త ముందుగా చెప్పి, సంత రోజున శిబిరం పెడితే పదిమంది దొరకరా? గిరిజనులే టీకాకు జంకారన్నది ఇంకో మాట. జంకిన మాట వాస్తవం. పోగొట్టాల్సిందీ గూడేనికి వెళ్లిన నర్సమ్మే. ఆ జంకును సాకుగా చూపి గూడేలకిచ్చే డోసులు తగ్గిస్తే, రేపు ధైర్యం చేసి చెయ్యి చాచినవాళ్లకూ డోసు మిగలదు.