జాలరిపేట ఆయుష్షు లెక్క

సముద్రం మీద బతికేవాళ్ళది గట్టి రక్తమంటారు. డెబ్బై దాటినా వల భుజాన వేసుకుని ఇసుకలో నడిచే మనిషిని చూస్తే ఆ మాట నమ్మబుద్ధవుతుంది. విశాఖపట్నంలో ఆంధ్రా యూనివర్సిటీకి దిగువన, లాసన్స్ బే ఒడ్డునున్న పెద్ద జాలరిపేట లాంటి ఊళ్ళ గురించి ఈ మాట తరచుగా వినిపిస్తుంది. కానీ లెక్క చూస్తే అది నిలవదు. 1901-11 నాటికి మనదేశంలో సగటు ఆయుర్దాయం సుమారు 23 ఏళ్ళు. ఇప్పుడది 70 దాటింది. మధ్యలో గడిచింది నాలుగైదు తరాలే. అంత తక్కువ కాలంలో ఒక జనం రక్తం మారదు. మారింది మశూచికి టీకా, కలరాకు మందు, తాగే నీళ్ళు, 1923లో విశాఖలో మొదలైన కింగ్ జార్జ్ ఆస్పత్రి లాంటి చోట్ల జరిగే కాన్పులు. అప్పట్లో ప్రతి వెయ్యిమంది పసిబిడ్డల్లో సుమారు 200 మంది మొదటి పుట్టినరోజు చూడలేదు. ఆ కాలంలో డెబ్బై ఏళ్ళు బతికిన జాలరి, చిన్నప్పుడే పోయినవాళ్ళూ సముద్రంలో పోయినవాళ్ళూ పోగా మిగిలిన మనిషి. మిగిలిన ఒక్కడిని చూసి మొత్తం కులానికి గట్టి రక్తమని పేరుపెట్టడం, పోయినవాళ్ళను మర్చిపోవడమే. పైగా ఆ డెబ్బై కూడా నికరమైన అంకె కాదు. పుట్టిన తేదీ రాసుకునే అలవాటు లేని రోజుల్లో ఏ తుపానుకు ఎంత పిల్లాడినని లెక్కపెట్టుకునేవారు. పాత జనాభా లెక్కల్లో వయసులన్నీ సున్నా, అయిదుతో ముగిసే అంకెల దగ్గర గుంపుగా పోగుపడి ఉంటాయి.

ఆయుష్షులో రక్తానికి పాత్రే లేదని దీని అర్థం కాదు. ఆ పాత్ర ఎక్కడుందో తెలియాలంటే జాలరుల పెళ్ళిళ్ళ చరిత్ర చూడాలి. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన దక్షిణాది కులాల గ్రంథంలో, జాలరులు ఒకరితో ఒకరు వియ్యమందుకోని రెండు తెగలుగా ఉన్నారని, వాటిని పన్నెండు కోట్లు, ఏడు కోట్లు అంటారని రాశాడు. కోట్లంటే రాటలు. అదే తీరంలో, అదే చేపల మీద బతికే వాడబలిజలది వేరే కులం, వేరే పెళ్ళిళ్ళు. అలా ముందే ఇరుకైన వలయాన్ని మేనరికం ఇంకా బిగించింది. ఇది జాలరులకు మాత్రమే చెందిన ఆచారమేమీ కాదు. దక్షిణాదివాళ్ళు మేనమామ కూతుర్ని, మేనత్త కూతుర్ని చేసుకుంటారని బౌధాయన ధర్మసూత్రమే ప్రత్యేకంగా ప్రస్తావించింది. 1955 హిందూ వివాహ చట్టం దగ్గరి రక్తసంబంధాల పెళ్ళిళ్ళను నిషేధిస్తూనే, ఆచారం ఉన్నచోట మినహాయింపు ఇచ్చింది. వేటకు వెళ్ళే ఇళ్ళలో ఈ ఆచారం నిలవడం వెనక గట్టి కారణాలు కనిపిస్తాయి. తెప్ప, వల, వేటలో వాటా ఉమ్మడి సొత్తు. తట్ట నెత్తిన పెట్టుకుని చేపలమ్మి ఇల్లు నడిపేది ఆడమనిషి. అలాంటి పిల్ల పరాయి ఊరికి పోకుండా మేనమామ ఇంటికే వెళితే సొత్తు, శ్రమ, నమ్మకం మూడూ చుట్టరికంలోనే ఉంటాయి. వెనక్కి చూసి దాన్ని మూఢాచారమని కొట్టిపారేయడం అన్యాయం.

అయితే శరీరం లెక్క వేరు. మేనబావ, మేనమరదలు పెళ్ళాడితే వాళ్ళ బిడ్డలో, తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చిన జన్యువులు రెండూ ఒకే పూర్వీకుడి జన్యువుకు నకళ్ళు కావడానికి పదహారింట ఒక వంతు అవకాశం ఉంటుంది. అక్క కూతుర్ని చేసుకుంటే అది ఎనిమిదింట ఒక వంతు. ఆ నకలు చెడు జన్యువుదైతే, జోడుపడి జబ్బుగా బయటపడొచ్చు. ఈ లెక్కను మన తెలుగు నేల మీద మొదట శ్రద్ధగా పరిశీలించినవాళ్ళలో పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు ఒకరు. 1957లో ఇంగ్లండు వదిలి కలకత్తా చేరిన జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ దగ్గర ఆయన శిష్యరికం చేశారు. కృష్ణారావు, పి. మీరా ఖాన్ కలిసి ఆంధ్రప్రదేశ్‌లో మేనరికాల సంఖ్య, వాటి ఫలితాల మీద 1963లో పరిశోధన ప్రచురించారు. ఇక్కడే బలమైన అభ్యంతరం ఒకటి వచ్చింది. 1966లో జన్యుశాస్త్రవేత్త ఎల్.డి. సంఘ్వీ ఒక వాదన పెట్టారు: వేల ఏళ్ళుగా మేనరికాలు చేసుకున్న జనంలో చెడు జన్యువులు జోడుపడి, వాటిని మోసిన బిడ్డలు పోయి, ఆ జన్యువులు ఎప్పుడో వడపోతకు గురై ఉంటాయని. వెల్లూరు పరిశోధకులు పి.ఎస్.ఎస్. రావు, ఎస్.జి. ఇన్బరాజ్ ఉత్తర ఆర్కాడు జిల్లాలో చూసినప్పుడు మేనరికపు హాని అనుకున్నంత కనపడలేదు కూడా. మేనరికం వల్ల జాలరుల రక్తం శుభ్రపడి గట్టిపడిందని అనేవారికి ఇది మంచి ఆధారంలా కనిపిస్తుంది.

ఈ వాదనకు జవాబు హాల్డేన్ ఆలోచనలోనే ఉంది. వయసు మళ్ళాక దెబ్బతీసే జబ్బుల్ని ప్రకృతి వడపోయలేదని, అప్పటికే ఆ జన్యువు పిల్లలకు అందిపోయి ఉంటుందని ఆయన 1941లోనే హంటింగ్టన్ వ్యాధిని చూపించి చెప్పాడు. 1952లో జీవశాస్త్రవేత్త పీటర్ మెడవార్ దాన్ని ముసలితనం మొత్తానికి వర్తించే సిద్ధాంతంగా మలిచాడు. ఉయ్యాలలో బిడ్డను చంపే జన్యువు ఆ బిడ్డతోనే పోతుంది. యాభయ్యో ఏట గుండెను నీరసపరిచే జన్యువు అప్పటికే నలుగురు పిల్లల్లోకి చేరిపోతుంది. అంటే మేనరికం జల్లెడ పట్టిందన్నది నిజమైనా, అది బాల్యపు జబ్బులకు పట్టిన జల్లెడ, ముసలితనానిది కాదు. ఇందుకు సాక్ష్యం హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధన సంస్థ నుంచే వచ్చింది. గుండె కండరంలో ఉండే ఒక ప్రొటీన్‌కు సంబంధించిన ఎంవైబీపీసీ3 అనే జన్యువులో 25 అక్షరాలు తెగిపోయిన మార్పు దక్షిణాసియా జనంలో సుమారు 4 శాతం మందిలో ఉందని, దానివల్ల గుండె విఫలమయ్యే ముప్పు చాలా పెరుగుతుందని 2009లో కె. తంగరాజ్ బృందం చూపింది. ఒక్క నకలు ఉన్నవాళ్ళలో ఆ ముప్పు ఎక్కువగా నడివయసు దాటాక బయటపడుతుంది. రెండు నకళ్ళు కలిస్తే జబ్బు మరీ తీవ్రం. వేల ఏళ్ళ మేనరికాలు జరిగినా ఆ మార్పు తెలుగు రక్తంలో ఇంకా ఉంది. సంఘ్వీ జల్లెడ కన్నాలు పెద్దవే.

మరో అభ్యంతరం ఇంకా నిజాయితీగలది. మేనరికం వృద్ధాప్యాన్ని కుంగదీస్తుందని నేరుగా రుజువుందా అని. క్రొయేషియా డాల్మేషియా దీవుల ఊళ్ళలో, అవీ సముద్రం మీద బతికే ఊళ్ళే, దగ్గరి రక్తపు పెళ్ళిళ్ళకూ అధిక రక్తపోటుకూ సంబంధం ఉందని ఇగోర్ రుదాన్ బృందం 2003లో చెప్పింది. కానీ 2015లో మూడున్నర లక్షలకు పైగా మనుషుల్ని కలిపి చూసిన పరిశోధనలో రక్తపోటుతో ఆ సంబంధం కనపడలేదు. ఎత్తు, ఊపిరితిత్తుల సత్తువ, గ్రహణశక్తి తగ్గడంతో మాత్రం కనపడింది. కాబట్టి ఈ తీర్పును పరిమితంగానే చెప్పాలి. కవలల మీద జరిగిన డేనిష్ అధ్యయనం ఆయుష్షు తేడాల్లో జన్యువుల వాటా నాలుగో వంతు అంది. 2018లో కోట్లాది మందికి చెందిన కుటుంబ వృక్షాలను చూసిన లెక్క అది పది శాతం లోపే అంది. ఫాక్స్‌ఓ3, ఏపీఓఈ లాంటి జన్యువులకు దీర్ఘాయుష్షుతో సంబంధం ఉన్నమాట నిజమే అయినా, ఒక్కొక్కదాని బలం చిన్నది. జాలరిపేట ఆయుష్షును పెంచింది జన్యువు కాదు, ఆ పెరిగిన ఆయుష్షులో చివరి ఇరవై ఏళ్ళు ఎలా గడుస్తాయన్నదానికి మాత్రం జన్యువు ఒక సాక్షి. ఒకప్పుడు ఆ ఇరవై ఏళ్ళే లేవు కాబట్టి ఆ సాక్షిని ఎవరూ పిలవలేదు.

మేనరికం మానేస్తే సరిపోతుందా? సరిపోదు. చుట్టరికం వదిలినా కులం వదలకపోతే పాత పూర్వీకుల నకళ్ళు ఎక్కడో కలుస్తూనే ఉంటాయి. 2017లో దక్షిణాసియాలోని 263 సమూహాలను పరీక్షించినప్పుడు 81 సమూహాల్లో ఫిన్లాండు ప్రజలకన్నా, అష్కెనాజీ యూదులకన్నా బిగువైన వలయం బయటపడింది. ఆ వలయం చెడ్డదని జాలరుల మీద వేలు చూపించే హక్కు ఎవరికీ లేదు; అది దేశమంతా ఉన్న సంగతి. చేయవలసింది చిన్నపనే. జాలరిపేటలో గానీ మరో పేటలో గానీ పెళ్ళిమాటలకు కూర్చున్నప్పుడు కట్నం, వాటా, బంగారం అడిగినట్టే ఇంకొకటి కూడా అడగండి: మీ తాతలు, మేనమామలు ఏ వయసులో, దేనితో పోయారు? గుండెతో నడివయసులో పోయినవాళ్ళు రెండు వైపులా ఉంటే పెళ్ళికి ముందు ఒకసారి డాక్టరును కలవండి.